మీటర్ మా పేరున, కరెంటు పక్కింట్లో

హైదరాబాద్ శివారు నుంచి ఒక గృహిణి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. భర్తది ప్రైవేటు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. ఏడాదిన్నర కిందట ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో 301 నంబరు ఫ్లాటు కొనుక్కున్నారు. ఫ్రిజ్, టీవీ, ఫ్యాన్లు, వాషింగ్ మెషీన్ తప్ప ఇంట్లో పెద్ద సామాను లేదు. మొదటి 7 నెలలు కరెంటు బిల్లు వంద రూపాయలు కూడా దాటలేదు. "ఇల్లు కలిసొచ్చింది అనుకున్నాం" అని రాశారు. అప్పట్లో పక్కనున్న 302 ఖాళీగా ఉండేది. తర్వాత ఆ ఫ్లాటును ఒక రిటైర్డు మాస్టారు కొనుక్కుని భార్యతో వచ్చి చేరారు. అప్పటినుంచి 11 నెలలుగా ఈమెకు నెలకు 290 యూనిట్ల చొప్పున, 1,850 రూపాయల వరకు బిల్లు వస్తోంది. దసరాకు 12 రోజులు ఊరెళ్లినా తగ్గలేదు. నెలకు 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు ఇచ్చే గృహజ్యోతి పథకానికి నమోదు చేయించుకుని 10 నెలలైనా 200 యూనిట్లు దాటుతున్నాయని ఒక్క నెలా జీరో బిల్లు రాలేదు. రెండు ఏసీలున్న మాస్టారికి మాత్రం 140 యూనిట్లు, 650 రూపాయలు.

అనుమానం వచ్చి ఒకరోజు ఈమె ఇంట్లో మెయిన్ ఆపేస్తే, ఆమె భర్త కింద మీటర్ బోర్డు దగ్గర నిలబడి చూశారు. 301 అని రాసి ఉన్న మీటర్ లైటు మినుకుతూనే ఉంది. 302 మీటర్ ఆగిపోయింది. ఆయన ఆ కోపంలోనే వెళ్లి "బాబాయిగారూ, మీ కరెంటుకు మేం డబ్బు కడుతున్నాం" అని గుమ్మంలోనే అనేశారట. "ముప్పయ్యేళ్లు పిల్లలకు చదువు చెప్పినవాణ్ని, దొంగకరెంటు వాడతానా" అని మాస్టారు నొచ్చుకున్నారు. మాటలు ఆగిపోయాయి. లైన్‌మన్‌ని అడిగితే "మీరూ మీరూ సర్దుకోండి" అన్నాడు. 500 ఇస్తే రాత్రికి రాత్రి వైర్లు మార్చేస్తానని ఒక ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. ఈ నెల బిల్లు కట్టేది లేదని భర్త భీష్మించుకున్నారు. "కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా? కరెంటు కోసేస్తారా? పక్కింటివాళ్లతో గొడవ లేకుండా తేలే దారి ఉందా?" అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీరు చేసిన పరీక్ష సరైనదే. దాన్నిబట్టి రెండు మీటర్లూ తారుమారయ్యాయనే అనిపిస్తోంది. కొత్త అపార్ట్‌మెంటులో ఒకే రోజు పదీ ఇరవై మీటర్లు బోర్డు మీదికి ఎక్కుతాయి. పై అంతస్తుల నుంచి ఒకే రంగు వైర్లు కట్టలు కట్టలుగా కిందికి దిగుతాయి. ఏ వైరు ఏ ఫ్లాటుదో ఒక్కొక్కటి ఆపి సరిచూడకుండా కలిపేస్తే, లేదా ఏ నంబరు మీటర్ ఏ సర్వీసుకు ఇచ్చారో కాగితం మీద అటూ ఇటూ రాస్తే, ఆ తప్పు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. ఒక ఫ్లాటు ఖాళీగా ఉండి ఇంకొకటి నిండుగా ఉన్నప్పుడే అది కంటపడుతుంది. ఇందులో మాస్టారి తప్పు ఎంతో మీ తప్పూ అంతే, అంటే అసలు లేదు. మీవారు ఆ మాట ముందు ఒప్పుకుంటే మిగతా పని సగం తేలికవుతుంది.

ఎక్కడికైనా వెళ్లేముందు తప్పు ఏ రకమో తేల్చుకోండి. రెండు ఇళ్ల తాజా బిల్లులు పట్టుకుని బోర్డు దగ్గరికి వెళ్లండి. ప్రతి మీటర్ ముఖం మీద దాని సీరియల్ నంబరు అచ్చయి ఉంటుంది. బిల్లు మీద కూడా మీటర్ నంబరు ఉంటుంది. బోర్డు మీద పెయింటుతో రాసిన ఫ్లాటు నంబరును నమ్మకండి, అది ఎవరైనా రాసి ఉండొచ్చు. తర్వాత రీడింగ్ చూడండి. తెర మీద వోల్టు, ఆంపియరు, కేవీఏ అన్నీ వరసగా తిరుగుతుంటాయి. మనకు కావలసింది కేడబ్ల్యూహెచ్ (kWh), అంటే యూనిట్లు, అని చూపించే అంకె. అది బిల్లులోని ప్రస్తుత రీడింగ్ కంటే కొంచెం ఎక్కువగా ఉండాలి.

మీ బిల్లు మీదున్న నంబరు మాస్టారి ఇంటికి కరెంటిచ్చే మీటర్‌దే అయితే, రికార్డుకూ వైరుకూ పొంతన లేదన్నమాట. మీ సంగతి ఇదే అయి ఉంటుంది. అలా కాకుండా నంబరు మీ ఇంటి మీటర్‌దే ఉండి రీడింగ్ మాత్రం పక్క మీటర్‌ది పడుతుంటే, స్పాట్ బిల్లింగ్‌కు వచ్చే అబ్బాయి పెయింటు నంబరు చూసి బిల్లు కొడుతున్నాడు. అది చిన్న చిక్కు, ఆఫీసులో చెప్పి బోర్డు మీద నంబర్లు సరిచేయిస్తే మళ్లీ రాదు. మూడోది, కరెంటు తెచ్చే ఫేజు వైరు సరిగ్గానే ఉండి, దాన్ని వెనక్కి తీసుకెళ్లే న్యూట్రల్ వైర్లు రెండిళ్లవీ కలిసిపోవడం. ఇప్పటి మీటర్లు చాలావరకు ఫేజునూ న్యూట్రల్‌నూ రెండింటినీ కొలిచి, ఏది ఎక్కువుంటే దాన్ని లెక్కిస్తాయి. అందువల్ల న్యూట్రల్ కలిస్తే ఇద్దరికీ యూనిట్లు పెరగొచ్చు. మీటర్ మీద ఎర్త్ అని సూచించే లైటు వెలుగుతుంటే ఆ అనుమానం పెట్టుకోండి.

మీటర్ వేగంగా తిరుగుతోందా అన్నది కూడా ఇంట్లోనే సుమారుగా చూసుకోవచ్చు. మీటర్ మీద యూనిట్‌కు ఎన్ని మినుకులో రాసి ఉంటుంది, ఉదాహరణకు 3200. మిగతావన్నీ ఆపి 1000 వాట్ల ఇస్త్రీపెట్టె ఒక్కటే పెడితే అలాంటి మీటర్ నిమిషానికి 53 సార్లు మినుకుతుంది. పెట్టె వేడెక్కాక తనంతట అదే ఆగిపోతుంది కాబట్టి పెట్టిన మొదటి నిమిషమే లెక్కపెట్టండి. రెండు మూడు అంకెలు అటూ ఇటూ అయితే ఫరవాలేదు. 70, 80 వస్తే మీటర్‌లోనే లోపం ఉందేమో పరీక్ష చేయించాలి. రీడింగ్ వాడకానికి మించి వస్తోందని ఫిర్యాదు చేస్తే 5 రోజుల్లో పక్కన ఇంకో మీటర్ పెట్టి కనీసం 3 నెలలు పోల్చి చూడాలని 2024లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్లో ఉంది.

ఇక ఆ ఎలక్ట్రీషియన్ సంగతి. దయచేసి ఒప్పుకోకండి. మీటర్ సీలు, టెర్మినల్ కవరు జోలికి వెళ్లడం విద్యుత్ చట్టం కింద నేరం, ఆ బోర్డు దగ్గర రాత్రిపూట పని ప్రాణాపాయం. వీటికి తోడు ఇంకో నష్టం ఉంది. వైర్లు మార్చిన మర్నాడు ఎవరొచ్చి పరీక్షించినా అంతా సరిగ్గానే కనబడుతుంది. ఈ 11 నెలలు మీరు ఎక్కువ కట్టారనడానికి ఆధారమే ఉండదు. పైగా ఆ సంగతి తెలియక ఆఫీసువాళ్లు రికార్డులో మీటర్ నంబర్లు మార్చారనుకోండి, తప్పు మళ్లీ మొదటికి వస్తుంది. రికార్డు మార్చాలి, లేదా వైరు మార్చాలి. రెండూ కలిపి చేయకూడదు.

ఆ రెండింటిలో రికార్డు మార్చడమే మేలని నా అభిప్రాయం. సీలు కదలదు, కరెంటు పోదు. పాత రీడింగులన్నీ ఆఫీసు కంప్యూటర్లోనే ఉంటాయి కాబట్టి మీ నెలల యూనిట్లు ఆయనకూ, ఆయన నెలల యూనిట్లు మీకూ మార్చి వేస్తే లెక్క తేలిపోతుంది. వైరు మార్చడం త్వరగా అయ్యే పనే. అయితే మార్చిన రోజున రెండు మీటర్ల రీడింగూ అధికారి సమక్షంలో రాయించి, రెండిళ్లవాళ్లూ సంతకం పెట్టాలి. లేకపోతే ఎక్కడివరకు ఎవరిదో రేపు మళ్లీ తగాదా.

బిల్లు కట్టకుండా ఆపడం గురించి మీవారికి ఒక్క విషయం చెప్పండి. మీ సర్వీసు కోయడానికి వచ్చిన మనిషి మీ పేరున ఉన్న మీటర్ దగ్గరే ఫ్యూజు తీస్తాడు. ఆరిపోయేది మాస్టారి ఇల్లు. ఇప్పటికే మనసు విరిగిన చోట అది ఎంత దూరం వెళ్తుందో ఆలోచించండి. చట్టం ప్రకారం కోతకు ముందు 15 రోజుల వ్యవధితో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. తగాదా ఉన్నప్పుడు అడిగిన మొత్తం, గత 6 నెలల సగటు, ఈ రెండింటిలో తక్కువైనది అభ్యంతరం తెలుపుతూ కడితే తేలేదాకా కోయకూడదని 56వ సెక్షన్ చెబుతోంది. మీ విషయంలో గత 6 నెలలూ ఇదే తప్పుతో నడిచాయి కాబట్టి సగటు వేసినా పెద్దగా తగ్గదు. అందుకని ఈ నెల బిల్లు కట్టేసి, అభ్యంతరంతో కడుతున్నామని దరఖాస్తులో ఒక వాక్యం రాయండి. కట్టినంత మాత్రాన మీ హక్కు పోదు.

డబ్బు లెక్కకు వద్దాం. ఎనర్జీ చార్జీలు మాత్రమే వేస్తున్నాను. కస్టమర్ చార్జీ, సుంకం కలిస్తే తేడా ఇంకాస్త పెరుగుతుంది. తెలంగాణ గృహ శ్లాబుల్లో నెల వాడకం 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. 290 యూనిట్లకు మొదటి 200 రూ.5.10 చొప్పున, మిగతా 90 రూ.7.70 చొప్పున మొత్తం 1,713 రూపాయలు. అదే 140 యూనిట్లయితే మొదటి 100 రూ.3.40, తర్వాతి 40 రూ.4.80 చొప్పున 532. నెలకు 1,181 తేడా, 11 నెలలకు 12,991.

కానీ అమ్మా, మీ ఉత్తరంలో మీరే రాసిన మొదటి 7 నెలలు మర్చిపోకూడదు. అప్పుడు వంద రూపాయల బిల్లు వచ్చింది ఇల్లు కలిసొచ్చి కాదు, మీ పేరున ఉన్న మీటర్ ఖాళీ ఇంటిది కాబట్టి. మీరు వాడిన 140 యూనిట్లు 302 పేరున పడ్డాయి, ఆ ఫ్లాటు పాత యజమాని కట్టాడు. నెలకు 532 చొప్పున అది 3,724 రూపాయలు. ఆఫీసు మొత్తం కాలానికి సరిచేస్తే మీ సర్వీసుకు వచ్చేది 12,991లోంచి 3,724 పోగా 9,267. ఈ మాట మీ అంతట మీరే మాస్టారికి చెప్పండి. పాత యజమాని కట్టిన ఆ 3,724 మాస్టారి సర్వీసులో జమ అవుతుంది, అది వాళ్లిద్దరూ తేల్చుకోవాల్సిన లెక్క.

ఇందులో ఇద్దరూ మోసపోయే చోటు ఒకటుంది. నెలకు 150 యూనిట్ల చొప్పున 11 నెలల తేడా 1,650 యూనిట్లనూ ఆఫీసులో ఒకే నెల బిల్లులో కలిపేస్తే, 800 దాటిన ప్రతి యూనిట్‌కూ 10 రూపాయల శ్లాబు పడుతుంది. మాస్టారికి 12,991 బదులు 15,858 అవుతుంది. అటు మీకు తగ్గించాల్సిన యూనిట్లను రూ.4.80 చొప్పున లెక్కిస్తే 7,920 మాత్రమే వస్తుంది. కాబట్టి ఏ నెల యూనిట్లు ఆ నెల శ్లాబులోనే వేసి, నెలవారీగా బిల్లులు సవరించాలని దరఖాస్తులో స్పష్టంగా అడగండి. ఈ ఒక్క వాక్యం ఇద్దరికీ మేలు చేస్తుంది. అందుకే దరఖాస్తు ఇద్దరూ కలిసి ఇస్తే మంచిది.

గృహజ్యోతి విషయం విడిగా రాయండి. అసలు వాడకం 140 యూనిట్లే కాబట్టి నమోదైన నెలలకు జీరో బిల్లు వర్తింపజేయమని అడగడం మీ హక్కు. అయితే వెనకటి నెలలకు ఇస్తారని ఇప్పుడే లెక్కలో వేసుకోకండి. రికార్డు సరయ్యాక రాబోయే నెలలకు మాత్రం వాడకం 200 లోపు ఉన్నంతకాలం అందాలి.

ఇప్పుడు మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, ఇరుగూ పొరుగూ కూర్చుని పాత లెక్క మీలో మీరే తేల్చుకుని, ఆఫీసులో రికార్డు మాత్రం ఇకమీదటికి మార్పించుకోవడం. త్వరగా అవుతుంది, మాస్టారికి ఒక్కసారిగా పెద్ద బిల్లు రాదు, నెలకింతని ఇవ్వొచ్చు. కానీ పాత వాడకం మీ పేరునే ఉండిపోతుంది. ఏటా వాడకాన్నిబట్టి రెండు నెలల సగటుకు సరిపడా అదనపు డిపాజిట్ అడిగేటప్పుడు మీకే ఎక్కువ పడొచ్చు. ఏసీల వల్ల మీ సర్వీసులో గరిష్ఠ లోడ్ ఎక్కువగా నమోదై, మీకు లేని ఏసీలకు అదనపు లోడ్ నోటీసు రావచ్చు. గృహజ్యోతి పాత నెలలు అడగడానికీ ఆధారం ఉండదు. ఈ దారి ఎంచుకుంటే లెక్క కాగితం మీద రాసి రెండు వైపులా సంతకాలు పెట్టుకోండి.

రెండోది ఆఫీసు ద్వారా పాత బిల్లులు కూడా సవరించుకోవడం. నాకైతే ఇదే సరైనదిగా తోస్తోంది. మీ సెక్షన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరు) దరఖాస్తు రాసి, బిల్లుల లెక్క చూసే రెవెన్యూ ఆఫీసు, అంటే ఈఆర్‌వోలోని ఏఏవోకు (అకౌంట్స్ అధికారి) ప్రతి ఇవ్వండి. రెండు సర్వీసుల యూఎస్‌సీ నంబర్లు (ఒక్కో కనెక్షన్‌కు ఇచ్చే ప్రత్యేక నంబరు), రెండు మీటర్ల సీరియల్ నంబర్లు, ఆ రోజు రీడింగులు, 18 నెలల బిల్లుల నకళ్లు, మీరు చేసిన పరీక్ష వివరం ఉండాలి. ఇద్దరి సమక్షంలో తనిఖీ చేయమని అడగండి. నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా వెనక్కి రావద్దు. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు కూడా తీసుకోండి. ఫ్లాటు కొన్నాక సర్వీసు పేరు మార్పించుకోకపోయి ఉంటే సేల్ డీడ్ నకలు జతచేసి ఆ పనీ ఇప్పుడే చేయించుకోండి. తనిఖీ తర్వాత ఏఈ నివేదిక మీద ఈఆర్‌వోలో సవరణ పడుతుంది, ఆఫీసు భాషలో ఆర్‌జే అంటారు. మామూలుగా డబ్బు చేతికివ్వరు, రాబోయే బిల్లుల్లో తగ్గిస్తారు. 9,267 తగ్గేసరికి మీకు చాలా నెలలే పడుతుంది. మాస్టారికి మాత్రం అదే మొత్తం బాకీగా పడుతుంది, వాయిదాలు కావాలని ఆయన తరఫున అదే దరఖాస్తులో అడగండి.

మాస్టారు సంతకం పెట్టకపోతే మీరొక్కరే ఇవ్వొచ్చు, దరఖాస్తు చెల్లుతుంది. కాకపోతే తనిఖీ రోజున ఆయన ఇంట్లో మెయిన్ ఆపి చూడాలంటే ఆయన సహకారం కావాలి, అది మాత్రం గుర్తుంచుకోండి.

మూడో దారి, ఆఫీసు కదలనప్పుడు. ప్రతి డిస్కంకూ, అంటే కరెంటు పంపిణీ సంస్థకూ, వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంటుంది. లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు. అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే పైన అప్పీలు వినే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ముద్ర వేసిన ఆ దరఖాస్తు నకలే అక్కడ మీకు బలం. కారణం పుట్టిన రెండేళ్ల తర్వాత వచ్చిన ఫిర్యాదును వేదిక తిరస్కరించవచ్చు. మీకు ఇప్పటికే 18 నెలలు నిండాయి. చూద్దాం చేద్దాం అనుకుంటే పాత నెలలు ఒక్కొక్కటే చేజారతాయి.

మాస్టారితో మాట కలపడానికి మీవారి కంటే ముందు మీరు వాళ్లావిడ దగ్గరికి వెళ్లండి. "పిన్నిగారూ, మావారు తొందరపడి అన్నారు, తప్పు మీదీ కాదు, మాదీ కాదు. బోర్డు దగ్గర వైర్లు తారుమారయ్యాయి. మీరు రాకముందు 7 నెలలు మా కరెంటు మీ ఇంటి లెక్కలోనే పడింది" అని చెప్పి, 18 నెలల లెక్క రాసిన కాగితం వాళ్లకు ఇవ్వండి. పింఛను మీద బతికే ఇంట్లో తొమ్మిది వేలు చిన్న మొత్తం కాదు. అది ఒక్కసారి కాకుండా వాయిదాల్లో కట్టొచ్చని, శ్లాబులో మోసపోకుండా ఆయన తరఫున కూడా అడుగుతున్నారని తెలిస్తే ఆయన భయం తగ్గుతుంది. తర్వాత పరీక్ష మళ్లీ ఒకసారి మాస్టారి ఎదురుగానే చేయండి. ఆయన తన ఇంటి మెయిన్ తన చేత్తో ఆపి, మీ పేరున్న మీటర్ ఆగడం తన కళ్లతో చూడాలి. ఫోన్‌లో వీడియో తీయండి, రెండు మీటర్ల నంబర్లూ అందులో కనబడాలి. వీలైతే అదే పూట మిగతా అంతస్తులవాళ్లనూ తమ మీటర్లు చూసుకోమనండి. ఒక జత తప్పిందంటే ఇంకో జత కూడా తప్పి ఉండే అవకాశం ఉంది.

రికార్డు మారాక వచ్చే మొదటి బిల్లును ఇద్దరూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. మీటర్ నంబరు మార్చి పాత రీడింగ్ మార్చడం మరిచిపోతే పెద్ద చిక్కే వస్తుంది. ఉదాహరణకు మాస్టారి అసలు మీటర్ 8,460 దగ్గర, మీ అసలు మీటర్ 6,105 దగ్గర ఉన్నాయనుకోండి. ఆయన బిల్లులో పాత రీడింగ్ 6,105గానే ఉండిపోతే ఒకే నెలలో 2,355 యూనిట్లు వాడినట్టు పడి ఎనర్జీ చార్జీలే 22 వేలు దాటుతాయి. మీ బిల్లులో రీడింగ్ వెనక్కి నడిచినట్టు కనబడుతుంది. అలా వస్తే ఆ బిల్లు కట్టేముందే, డ్యూ డేటు లోపల, రెండు బిల్లులూ తీసుకుని మాస్టారూ మీవారూ కలిసి ఈఆర్‌వోకు వెళ్లాలి.